ఖాడా కాదు తాతా, డ్యూటీ

నేను చదివేవాణ్ణే గాని రాసేవాణ్ణి కాదు. షోలాపూర్ మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివిన, తరువాత అంతా మిల్లే. పోయిన నెల మన వాడకట్టులో ఇద్దరు తల్లిదండ్రులు వేరువేరుగా మా ఇంటికి వచ్చి ఒకటే మాట అడిగిండ్రు. "మీ మనవరాలు అమెరికాలో చదువుకుంట నడుమ జర్మనీ పోయి వచ్చిందట గదా. మా పిల్లగాడు కూడ అట్లనే పోతా అంటున్నడు. వీసా పోదా?" ఇద్దరికీ కూర్చోబెట్టి గంట గంట చెప్పిన. మూడోసారి చెప్పే ఓపిక లేక ఇట్ల రాస్తున్న. తప్పులుంటే సంపాదకులు దిద్దుకోవాలె.

ముందు నా సంగతి చెప్పాలె. అది చెప్పకుంటే నేనెందుకు భయపడ్డానో మీకు తెలువదు.

1977లో పద్దెనిమిదేండ్లప్పుడు మిల్లులో బద్లీగా చేరిన. ఇప్పటి పిల్లలకు బద్లీ అంటే తెలువదు. బోంగా కాకముందే గేటు కాడ నిలబడాలె. పర్మనెంటు మనిషి ఎవడన్నా రాకపోతే జాబర్ మనలో ఒకణ్ణి లోపలికి పిలుస్తడు. పిలువకపోతే కార్డు మీద హాజరీ వేయించుకొని ఇంటికి రావాలె. పని లేదు, పగార్ లేదు, కాని హాజరీ మాత్రం కావాలె. కార్డు చూపని రోజు ఖాడా. ఖాడాలు ఎక్కువైతే మన వెనుక చేరినోడు మనకన్న ముందుకు పోతడు. ఐదేండ్లు అట్ల నిలబడితే 1982లో పర్మనెంటు చేసిండ్రు. రెండు సాంచాలు నా చేతికిచ్చిండ్రు.

1983 ఎండాకాలంలో చెల్లెలి పెళ్ళికి పది రోజుల రజా పెట్టి కరీంనగర్ దిక్కు మా నాయిన పుట్టిన ఊరికి పోయిన. పెళ్ళి అయింది. మూడో రోజు నాయినకు జ్వరం. ఈ రోజు పోదాం, రేపు పోదాం అనుకుంట ముప్పై నాలుగు రోజులు ఉండిపోయిన. ఒక తారు కొట్టాలె, ఒక ఉత్తరం వెయ్యాలె అన్న బుద్ధి పుట్టలేదు. తిరిగి వచ్చేటప్పటికి గేటు పాసు నా జేబులోనే ఉన్నది. దాని మీద ఫొటో ఉన్నది, సాహెబు సంతకం ఉన్నది, గడువు కూడ ఇంకా ఉన్నది. వాచ్‌మన్ పాసు చూసి లోపలికి పంపిండు. ఖాతాలోకి పోతే నా సాంచాల కాడ వేరే మనిషి. హాజరీ బుక్కు తెరిచి చూపిండ్రు. నా పేరు మీద ఎర్ర గీత.

పాసు ఉన్నది, పేరు లేదు. యూనియన్ వాళ్ళు కొట్లాడితే మళ్ళీ తీసుకున్నరు గాని బద్లీగానే. పద్నాలుగు నెలలు పెండ్లాం బీడీల మీద ఇల్లు నడిచింది. ఆ ఎర్ర గీత ఇప్పటికీ కలలోకి వస్తది.

ఇప్పుడు మనవరాలి కథ. నా పెద్దబిడ్డ బిడ్డ. ఇచల్‌కరంజిలో టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదివింది. మా ఇంట్లో మూడు తరాలు మగ్గం కిందనే బతికినయి, చదువు కూడ దాని మీదనే చదువుతా అన్నది. 2023 ఆగస్టులో అమెరికాలో నార్త్ కరోలినాకు పోయింది, ఎం.ఎస్.కు. మా అల్లుడు ఇల్లు కుదువ పెట్టి బ్యాంకు లోను తీసిండు. అక్కడ యూనివర్సిటీ లోపలనే క్యాంటీనులో పని. చదువు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలకన్న ఎక్కువ చెయ్యొద్దని రూలు. ఆ పైసలతో తిండి, అద్దె ఎల్లదీసుకుంటున్నది.

2024 దసరా అయిపోయిన తరువాత ఒక ఆదివారం వీడియోలో మాట్లాడుకుంట, "తాతా, ఫిబ్రవరిలో జర్మనీ పోతున్న. ఆఖెన్ అనే ఊర్ల ఒక సెమిస్టరు. అక్కడ బట్టల మిషన్ల మీద పెద్ద సంస్థ ఉన్నది. ఆగస్టులో మళ్ళీ అమెరికా వస్త" అన్నది.

నా గుండెల రాయి పడ్డది. ఎందుకంటే మా గల్లీ చివర ఉండే పిల్లగాని కథ అప్పటికి ఇంకా పచ్చిగనే ఉన్నది. పేరు వద్దు, పాపం. వాడు కూడ అమెరికాలోనే చదువు. రెండో సెమిస్టరు నడుస్తుండగా తండ్రి పోయిండు. వచ్చిండు. తల్లి పరిస్థితి చూసి కదలలేకపోయిండు. ఇక్కడ వాణ్ణి పంపిన ఏజెంటును అడిగితే, "వీసా ఐదేండ్లకు ఉన్నది గదా, ఎప్పుడు పోయినా పోవచ్చు" అన్నడు. ఏడు నెలల తరువాత టికెట్ కొనుక్కొని పోతే విమానం మారే ఊర్లోనే ఆపిండ్రు. కంప్యూటర్ల చూసి, నీ చదువు ఎప్పుడో మూసేసినం, నువ్వు ఇప్పుడు విద్యార్థివి కాదు అన్నరు. పాస్‌పోర్టులో వీసా ముద్ర మాత్రం మెరుస్తనే ఉన్నది. అదే విమానంలో వెనక్కి. తరువాత కాలేజీ నుంచి కొత్త కాగితం తెప్పించుకొని, 350 డాలర్ల ఫీజు మళ్ళీ కట్టి, ముంబైలో ఇంటర్వ్యూకు పోతే వీసా ఇయ్యలేదు. ఇప్పుడు పుణెలో ఏదో కంపెనీలో చేస్తున్నడు. వాళ్ళ అమ్మ రోజుకు వెయ్యి బీడీలు చుట్టి అప్పు కడుతున్నది.

అందుకని మనవరాలితోని, "వద్దు బిడ్డా. గేటు దాటితే పేరు కొట్టేస్తరు. ఆ చదువు సక్కగ అక్కడనే పూర్తి చెయ్యి" అన్న. అది నవ్వింది. నాకు కోపం వచ్చి ఫోను పెట్టేసిన. ఇంకో కారణం కూడ ఉన్నది, దాచిపెట్టుడెందుకు. జర్మనీ వీసాకు ముందుగనే పైసలు ఒక ఖాతాలో కట్టి చూపాలట. నెలకు 992 యూరోల లెక్కన. ఆరు నెలలకు 5,952 యూరోలు. అప్పటి రేటుకు మన రూపాయిలల్ల ఐదు లక్షల ముప్పై వేల దాకా. మన పైసలే, మనకే నెల నెలా ఇస్తరు, కాని ముందు కట్టాలె. అల్లుని కాడ లేవు. నా కాడ ఉన్నయి. మిల్లు మూతపడ్డ ఎన్నో ఏండ్లకు చేతికి వచ్చిన బాకీ, మా ఇంటామె బీడీల పి.ఎఫ్., కలిపి నాలుగు లక్షలు డిపాజిట్ చేసి పెట్టుకున్నం. ఇంటి పైన పత్రాలు తీసేసి స్లాబు వేయించాలని. వాన పడితే ఇంట్ల నాలుగు జాగాల గిన్నెలు పెట్టుకుంటం మేము.

రెండు వారాలు మాట్లాడలేదు. మూడో ఆదివారం మా ఇంటామె, "పిల్ల చెప్పేది వినవయ్యా, నీ ఎర్ర గీత కథ ఎప్పుడూ ఉండేదే" అని ఫోను నా చేతిలో పెట్టింది. ఒక కాపీబుక్కు, పెన్ను కూడ పెట్టింది. ఆ రోజు రాసుకున్న మాటలే కింద చెప్తున్న.

మనవరాలు మొదట అడిగింది, "తాతా, ఆ రోజు వాచ్‌మన్ నిన్ను లోపలికి ఎందుకు పంపిండు?" పాసు ఉన్నది గనుక అన్న. "ఆ పాసే వీసా. అది గేటు కాడికే. లోపల పని ఉన్నదా లేదా అనేది హాజరీ బుక్కు చెప్తది. ఆ బుక్కే స్టేటస్" అన్నది.

నాకు అక్కడనే సగం తెలిసింది. అమెరికా సర్కారు కాడ విదేశీ విద్యార్థులందరి పేర్లతో ఒక కంప్యూటరు బుక్కు ఉన్నది, సేవిస్ అంటరు. ప్రతి కాలేజీలో విదేశీ పిల్లల ఆఫీసు ఒకటి ఉంటది. ప్రతి సెమిస్టరు ఈ పిల్ల పూర్తి చదువులో పేరు నమోదు చేసుకున్నది అని అక్కడి అధికారి ఆ బుక్కులో ఎక్కించాలె. దాని కాగితం ఐ-20. ఆ బుక్కు సరిగ్గా నడుస్తుంటే అమెరికా లోపల ఉన్నంత కాలం వీసా ముద్ర గడువు అయిపోయినా చదువుకు అడ్డం లేదు. బయటికి వచ్చి మళ్ళీ పోవాలంటేనే కొత్త ముద్ర కావాలె. అదే బుక్కు ఆగిపోతే, వీసాకు ఇంకా మూడేండ్లు ఉన్నా అది ఉత్త బొమ్మ.

ఇంక ఐదు నెలల సంగతి. చదువు ఆపి ఐదు నెలలకన్న ఎక్కువ అమెరికా బయట ఉంటే ఆ బుక్కులో కథ ముగుస్తది. మళ్ళీ కొత్త ఐ-20, మళ్ళీ ఫీజు, చాలాసార్లు వీసా కూడ కొత్తగా. మా గల్లీ పిల్లగానికి అయింది ఇదే. వాడు వచ్చుడు తప్పు కాదు, తండ్రి పోతే ఎవడు రాడు? వచ్చేముందు ఆ ఆఫీసుకు చెప్పి, సెలవు రాయించుకొని, ఐదు నెలల లోపల తిరిగి పోయే ఏర్పాటు చేసుకోవాలె. లేదా ఎక్కువ రోజులు అయితయి అని తెలిసినప్పుడు ముందే వాళ్ళను అడగాలె. వాడు ఏజెంటును అడిగిండు. ఏజెంటు పాసు చూసిండు, బుక్కు చూడలేదు.

"మరి నువ్వు ఐదున్నర నెలలు పోతున్నవు గదా?" అని పట్టుకున్న నేను.

"నాది ఖాడా కాదు తాతా, డ్యూటీ" అన్నది.

అప్పుడు నాకు మా పాత జాబర్ యాదికొచ్చిండు. కొత్త రకం సాంచాలు వచ్చినప్పుడు ఆయనను మిల్లే నెల రోజులు ముంబై పంపింది, నేర్చుకొని రమ్మని. నెలంతా మిల్లులో మనిషి లేడు. కాని హాజరీ బుక్కులో ప్రతి రోజు ఆన్ డ్యూటీ అని రాసిండ్రు, పగార్ కూడ ఇచ్చిండ్రు. నేను పెళ్ళికి పోయి నెల ఉన్నా. ఆయన ముంబై పోయి నెల ఉన్నడు. నాకు ఎర్ర గీత, ఆయనకు నీలం సిరా.

మనవరాలిది కూడ అట్లనే. ఆమెను పంపుతున్నది ఆమె యూనివర్సిటీనే. అక్కడి చదువు ఇక్కడి డిగ్రీలో లెక్క. పేరు అమెరికా యూనివర్సిటీలోనే నమోదు అయి ఉంటది, ఫీజు కూడ అక్కడనే. అందుకని బుక్కు నడుస్తనే ఉంటది, ఐదు నెలల లెక్క ఆమెకు తగలదు. మా గల్లీవాళ్ళు ఈ ముక్క బాగా పట్టుకోవాలె. ఇక్కడ చదువు ఆపి, సొంతంగా జర్మనీలోనో ఇంకో దేశంలోనో ఏదో కోర్సులో చేరి, మళ్ళీ వస్తా అంటే అది డ్యూటీ కాదు. అది రజా. ఐదు నెలలు దాటితే పాత బుక్కు మూత. రెండింటినీ ఇంగ్లీషులో ఒకటే పేరుతో పిలుస్తరట, విదేశంలో చదువుడు అని. పేరు చూసి మోసపోవద్దు.

నేను ఇంకో ప్రశ్న కూడ అడిగిన. చదువు అయిపోయినంక ఒక ఏడాది అక్కడ పని నేర్చుకునే పర్మిషన్ ఉంటది, ఓ.పి.టి. అంటరు. ఇంజనీరింగ్ లాంటి చదువులకు ఇంకో 24 నెలలు పెంచుతరు. లోను తీర్చేది దాంతోనే గదా. అది పోతదా అని. దానికి ఒక పూర్తి చదువు సంవత్సరం చేసి ఉండాలట. నడుమ బయటి దేశం పోయి చదివినా ఫరవా లేదు గాని, పోయేముందు కనీసం ఒక పూర్తి సెమిస్టరు అమెరికాలో చదివి ఉండాలె. మా పిల్ల అప్పటికే మూడు సెమిస్టర్లు చేసింది. అందుకని అడ్డం లేదు. అయితే క్యాంటీను పైసలు ఆరు నెలలు బంద్. అది నిజం నష్టం. అది కూడ దాచకుండ చెప్పింది.

కాపీబుక్కులో ఆరు పేజీలు నిండినయి. మా ఇంటామె అడిగింది, "స్లాబా, జర్మనీయా?" నేను జవాబు చెప్పలేదు. సోమవారం బ్యాంకుకు పోయి డిపాజిట్ విరిపించిన. తక్కిన లక్షా ముప్పై వేలు అల్లుడు చిట్టీ పాడి తెచ్చిండు.

2025 ఫిబ్రవరి 24న మనవరాలు అమెరికా విడిచింది. పోయేముందు ఐ-20 మీద ప్రయాణం సంతకం చేయించుకున్నది. విద్యార్థులకు ఆ సంతకం ఒక ఏడాది పనిచేస్తది. అది లేకుండ బయటికి పోవద్దని కాలేజీ ఆఫీసు వాళ్ళు ఒకటికి నాలుగుసార్లు చెప్పిండ్రట. యూనివర్సిటీయే పంపుతున్నది అన్న ఉత్తరం ఒకటి, పేరు నమోదు కాగితం ఒకటి, ఫోటోలు తీసి మా ఫోనుకు కూడ పంపింది. నేను వాటిని జిరాక్సు తీయించి మార్కండేయ స్వామి పటం వెనుక పెట్టిన. మా ఇంటామె నవ్వింది గాని తీసెయ్యలేదు.

ఆఖెన్ సంగతి ఒకటి చెప్పకుండ ఉండలేను. ఆ ఊరు మన షోలాపూర్ లాంటిదే, ఒకప్పుడు బట్టలకు, సూదులకు పేరు. సూదుల కార్ఖానాలల్ల పనివాళ్ళు వంకర సూదులను చిటికెన వేలుతో ఏరి పక్కకు వేసేవాళ్ళట. అందుకని ఇప్పటికీ ఆ ఊరివాళ్ళు ఎక్కడన్న కలిస్తే కుడిచేతి చిటికెన వేలు లేపి చూపి పలకరించుకుంటరు. మనవరాలు వీడియోలో వేలు లేపి చూపింది. మా ఇంటామె, "పో బిడ్డా, పోయి రా, తరువాత మాట్లాడుదాం" అన్నది. మన దగ్గర బడిలో పిల్లలు ఒకటికి పోవాలంటే లేపేది ఆ వేలే గదా. పిల్ల నవ్వి నవ్వి కింద పడ్డది. కాని నాకు మాత్రం అది బాగా నచ్చింది. కార్ఖానాలు మూతపడ్డయి, పనివాళ్ళ వేలు మిగిలింది. మన మిల్లు పనివాళ్ళది ఏం మిగిలిందో నాకు తెలువదు. బోంగా కూడ లేదు.

ఏప్రిల్‌లో అసలు భయం వచ్చింది. అమెరికాలో వేల మంది విదేశీ విద్యార్థుల పేర్లు ఆ సేవిస్ బుక్కులో ఒక్కసారిగా కొట్టేసిండ్రని వార్తలు. అందులో మన దేశం పిల్లలు మస్తుమంది. కొందరికి ట్రాఫిక్ కేసు లాంటి చిన్న సంగతులే కారణమట. మా అల్లుడు రాత్రి పదకొండింటికి మోటరు సైకిలు మీద వచ్చిండు. మనిషి మొహంల రక్తం లేదు. పిల్ల అమెరికాలో లేకపాయె, జర్మనీలో ఉండె, ఇప్పుడు పేరు కొట్టేస్తే లోపలికే రానియ్యరు. ఇల్లు బ్యాంకు కాడ ఉన్నది. ఆ రాత్రి అల్లుడు నన్ను ఒక్క మాట అనలేదు. కాని పైసలు ఇచ్చింది నేను గదా, నాకు నిద్ర పట్టలేదు. ఆయన కూడ పోలేదు, గడప మీదనే కూర్చున్నడు.

పిల్ల అక్కడినుంచి కాలేజీ ఆఫీసుకు మెయిల్ చేసింది. మరునాడు జవాబు వచ్చింది, నీ రికార్డు నడుస్తున్నది, ఏం కాలేదు అని. ఆ తరువాత కోర్టులల్ల కేసులు పడి, ఏప్రిల్ 25న కొట్టేసిన పేర్లు మళ్ళీ ఎక్కిస్తమని సర్కారు వకీళ్ళు చెప్పిండ్రు. అయినా ఆగస్టు దాకా ప్రతి సోమవారం మనవరాలు ఆఫీసును అడిగేది, నాకు చెప్పేది. నేను కాలనిర్ణయ్ మీద టిక్కు పెట్టేవాణ్ణి.

ఆగస్టు 9న రాఖీ పున్నం. మన మార్కండేయ స్వామి రథం. ప్రతి ఏడు లెక్కనే ఊరంతా రోడ్డు మీద ఉన్నది. అదే రోజు పిల్ల అమెరికాలో దిగుతున్నది. రథం ముందర నడుస్తున్న గాని నా చెయ్యి జేబులో ఫోను మీదనే. డోలు చప్పుడుకు మోగినా వినపడదని చేతిలోకి తీసుకున్న. రథం సగం తోవకు వచ్చినప్పుడు మెసేజి. ఒక్క బొమ్మ, చిటికెన వేలు.

తరువాత చెప్పింది. విమానాశ్రయంలో అధికారి అడిగిండట, ఇన్ని నెలలు ఎక్కడున్నవు అని. ఐ-20 సంతకం పేజీ, యూనివర్సిటీ ఉత్తరం, నమోదు కాగితం మూడూ వరుసగా పెట్టింది. కంప్యూటరు చూసి పది నిమిషాలల్ల పంపిండు. కాగితాలు చేతి సంచిలోనే ఉంచుకోవాలె, పెద్ద పెట్టెలో వేస్తే ఆ టైముకు దొరకవు. ఇది పిల్ల మాట కాదు, నా మాట.

పోయిన డిసెంబరులో డిగ్రీ అయింది. ఓ.పి.టి. కార్డు వచ్చింది. ఫిబ్రవరి 2 నుంచి మొదలు. ఇందులో కూడ ఒక లెక్క ఉన్నది. మొదలైన రోజునుంచి మొత్తం 90 రోజులకన్న ఎక్కువ పని లేకుండ ఉండొద్దు. మళ్ళీ ఖాడాలే. బద్లీ పని నన్ను వదిలినా నా మనవరాలిని వదలలేదు అనుకున్న.

జర్మనీలో చదివినట్టు చూసి ఒక టెక్నికల్ బట్టల కంపెనీ వాళ్ళు రెండోసారి ఇంటర్వ్యూకు పిలిచిండ్రు. గురువారం ఉన్నది, ఉగాది రోజే. ఇంటి పైన పత్రాలు ఇంకా అట్లనే ఉన్నయి, రెండు కొత్త పత్రాలు మాత్రం వేయించిన. గోడ మీద కాలనిర్ణయ్‌లో ఎర్ర పెన్నుతో గీతలు పెడుతున్న. ఇది రాసే రోజుకు నలభై ఒకటి అయినయి.